ఆర్థర్ రాజు సమాధి దొరికిందా? గ్లాస్టన్‌బరీలో తవ్వి తీసిన ఎముకల కథ

ఇంగ్లండ్ నైరుతి మూలన, సోమర్సెట్ ప్రాంతంలో గ్లాస్టన్‌బరీ అనే చిన్న పట్నం ఉంది. ఊరి నడుమ కప్పు పోయి గోడలు మాత్రం మిగిలిన పాత క్రైస్తవ మఠం. ఒకప్పుడు ప్రధాన పూజావేదిక ఉన్న చోటికి దగ్గర్లో, గడ్డి నేల మీద రాతి అంచుతో గిరి గీసినట్టు దీర్ఘచతురస్రంగా ఒక జాగా కనిపిస్తుంది. పక్కన "ఆర్థర్ రాజు సమాధి స్థలం" అని బోర్డు. అసలు విషయం ఆ శీర్షిక కింది వరుసల్లో ఉంది. 1191లో రాజు, రాణి దేహాలు మేరీమాత ఆలయానికి దక్షిణాన "దొరికినట్టు చెబుతారు" అని రాశారు. 1278 ఏప్రిల్ 19న ఆ అవశేషాలను ఎడ్వర్డ్ రాజు సమక్షంలో ఇక్కడికి మార్చారనీ, 1539లో మఠం మూతపడేదాకా సమాధి ఉండేదనీ మాత్రం ఏ అనుమానపు మాటా లేకుండా రాశారు. ఎముకలను మార్చడం చరిత్ర, అవి ఎవరివన్నది వినికిడి. బోర్డు రాసినవాళ్లకు ఆ తేడా తెలుసు.

బ్రిటన్‌లో ఏదో ఒక పాత రాతి కట్టడాన్ని తవ్వినప్పుడల్లా "ఆర్థర్ సమాధి" అన్న మాట వార్తల్లోకి వస్తుంది. అందుకే ఈ గ్లాస్టన్‌బరీ వ్యవహారాన్ని మొదటి నుంచీ చూడటం అవసరం.

క్లుప్తంగా

ఆర్థర్‌దని నిరూపించగల సమాధి ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు. 1191లో గ్లాస్టన్‌బరీ సన్యాసులు ఏదో ఒక పాత సమాధిని తవ్వి ఉండవచ్చు. అది ఆర్థర్‌దే అనడానికి చూపిన ఆధారం ఒక సీసపు శిలువ. ఇప్పుడు ఆ శిలువా లేదు, ఎముకలూ లేవు. ఆర్థర్ అనే మనిషి నిజంగా ఉన్నాడా అన్నదే తేలలేదు. ఆ సమాధి అప్పుడే, అక్కడే ఎందుకు బయటపడిందన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబులే ఉన్నాయి.

ముందు మనిషి సంగతి

రోమన్ల పాలన 5వ శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి తప్పుకుంది. సముద్రం దాటి వచ్చిన శాక్సన్ తెగలకూ స్థానిక బ్రిటన్లకూ ఆ తర్వాత తరాల తరబడి పోరు నడిచింది. ఇప్పటి వేల్స్, కార్న్‌వాల్ ప్రజలు ఆ బ్రిటన్ల వారసులు. కథల్లో ఆర్థర్ ఈ బ్రిటన్ల వీరుడు. అంటే ఇంగ్లిష్‌వాళ్ల పూర్వీకులను చిత్తు చేసినవాడు. ఇంగ్లండ్ రాజులు అతణ్ని తమవాడిగా చేసుకున్నది చాలా తర్వాత. ఈ సంగతి గుర్తుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

6వ శతాబ్దంలో గిల్డాస్ అనే సన్యాసి శాక్సన్ల మీద బ్రిటన్లు గెలిచిన బేడన్ యుద్ధం గురించి రాశాడు. అందులో ఆర్థర్ పేరు లేదు. 731లో ఇంగ్లిష్ జాతి చర్చి చరిత్ర ముగించిన బీడ్ కూడా ఆ పేరు ఎత్తలేదు. సుమారు 830 ప్రాంతంలో వేల్స్‌లో తయారైన ఒక లాటిన్ చరిత్రలో ఆర్థర్ 12 యుద్ధాలు గెలిచిన సేనానిగా కనిపిస్తాడు. బేడన్‌లో ఒక్క దూకుడులో 960 మందిని తానొక్కడే కూల్చాడని కూడా ఆ పుస్తకమే చెబుతుంది. అప్పటికే కథ చరిత్రను దాటి ఎంత దూరం వెళ్లిందో ఆ అంకెను బట్టి తెలుస్తుంది. 10వ శతాబ్దపు వేల్స్ వార్షిక వృత్తాంతాల్లో 537 కింద కామ్లాన్ పోరులో ఆర్థర్, మెడ్రాట్ (తర్వాతి కథల్లో ఆర్థర్‌కు ద్రోహం చేసినవాడు) పడిపోయారని ఒక్క వాక్యం ఉంది. కిరీటం, కొలువు, విజయయాత్రలు అన్నీ కలిపి పూర్తి రాజును చేసింది 1130లలో మన్మత్‌కు చెందిన జెఫ్రీ. మరణగాయం తగిలిన ఆర్థర్‌ను వైద్యం కోసం అవలాన్ అనే కథల దీవికి తీసుకెళ్లారని ఆయన రాసి అక్కడ వదిలేశాడు.

విక్రమార్కుడి కథలు విన్నవాళ్లకు ఇది పరిచయమైన చిక్కే. పేరు మీద ఒక శకం నడుస్తుంది, సింహాసనం మెట్టుకో కథ చెబుతుంది, చరిత్రలో ఆయన ఏ రాజు అంటే మాత్రం పండితులు తలా ఒక మాట అంటారు.

సమాధి లేకపోవడమే అసలు కథ

1191కి ముందు ఆర్థర్ సమాధి గురించి ఉన్న మాటలన్నీ అది లేదనే చెబుతాయి. మామ్స్‌బరీకి చెందిన విలియం అనే జాగ్రత్తగల చరిత్రకారుడు 1125 ప్రాంతంలో ఆర్థర్ సమాధి ఎక్కడా కనపడదనీ, అందుకే అతను తిరిగి వస్తాడన్న పాత కథలు ఇంకా బతికి ఉన్నాయనీ రాశాడు. వెల్ష్ భాషలో వీరుల సమాధులను ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయే పాత పద్యాలున్నాయి. మార్చ్‌కు సమాధి ఉంది, గ్విథర్‌కు ఉంది, ఎర్రకత్తి గ్వగాన్‌కు ఉంది. ఆర్థర్ దగ్గరికి వచ్చేసరికి ఆ పద్యం అతని సమాధిని లోకంలో అంతుపట్టని వింత అంటుంది.

వింత ఏమిటంటే, ఆర్థర్ కొడుక్కి మాత్రం సమాధి ఉందట. 830 నాటి పుస్తకం చివర్లో ఉన్న అద్భుతాల జాబితాలో అది కనిపిస్తుంది. ఆర్థర్ తన చేతులతోనే చంపి పాతిపెట్టిన కొడుకు ఆమ్ర్ సమాధి ఒక నీటి ఊట పక్కన ఉందనీ, దాన్ని కొలిస్తే ఒకసారి ఆరడుగులు, ఒకసారి తొమ్మిది, ఒకసారి పన్నెండు, ఒకసారి పదిహేను వస్తుందనీ రాశారు. రెండోసారి కొలిస్తే మొదటి కొలత రాదట. "నేను స్వయంగా కొలిచి చూశాను" అన్న పూచీ కూడా ఉంది. మన స్థలపురాణాల్లో ఏటా గోధుమగింజంత పెరిగే విగ్రహాలకు ఇది దూరపు చుట్టం.

సమాధి లేదంటే చావలేదని అర్థం. చావకపోతే తిరిగి రావాలి. ఈ నమ్మకం ఎంత వేడిగా ఉండేదో 1113లో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. ఫ్రాన్స్‌లోని లాన్ పట్నంలో అంతకు ముందు ఏడాది అల్లర్లలో ప్రధాన చర్చి కాలిపోయింది. దాన్ని తిరిగి కట్టే చందాల కోసం అక్కడి మతాధికారులు తమ దగ్గరున్న పవిత్ర అవశేషాల పెట్టెను ఊరేగిస్తూ ఇంగ్లండ్ తిరిగారు. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్‌లో, చెయ్యి చచ్చుబడి నయం కోసం వచ్చిన ఒక మనిషి ఆర్థర్ ఇంకా బతికే ఉన్నాడన్నాడు. వచ్చినవాళ్లు నవ్వారు. మాటా మాటా పెరిగి కొట్లాట దాకా వెళ్లింది.

అగ్నిప్రమాదం, అవశేషాలు, చందాలు అనే వరుస ఇక్కడే కనిపిస్తోంది. గ్లాస్టన్‌బరీలో మళ్లీ ఇదే వస్తుంది.

1191: తెర చాటున తవ్వకం

గ్లాస్టన్‌బరీ మఠం ఇంగ్లండ్‌లోని అతి పాత, అతి సంపన్న మఠాల్లో ఒకటి. 1184 మే 25న మంటలు దాన్ని దాదాపు పూర్తిగా మింగేశాయి. రెండో హెన్రీ రాజు ఖజానా తెరిచి పునర్నిర్మాణానికి సాయం చేశాడు. 1189లో ఆయన చనిపోయాడు. కొత్త రాజు రిచర్డ్‌కు డబ్బంతా క్రూసేడ్ యుద్ధానికి కావాలి. మఠానికి వచ్చే ధార ఆగిపోయింది. అదే ఏడు హెన్రీ డి సల్లీ కొత్త మఠాధిపతిగా వచ్చాడు. ఆయన హయాంలోనే, 1190-91లో, తవ్వకం జరిగింది.

వివరాలు ఎక్కువగా వేల్స్‌కు చెందిన గెరాల్డ్ అనే మతాధికారి రాతల్లో ఉన్నాయి. కొద్దికాలానికే అక్కడికి వెళ్లి శిలువను చేత్తో తడిమి చూశానన్నాడు. ఆయన కథనం ప్రకారం ఒక ముసలి బ్రిటన్ గాయకుడు రెండో హెన్రీకి రహస్యం చెప్పాడట. కనీసం 16 అడుగుల లోతున, రాతి పెట్టెలో వెతక్కుండా, తొలిచిన ఓక్ మొద్దులో చూడాలని. శ్మశానంలో రెండు పొడవైన రాతి స్తంభాల మధ్య తవ్వారు. ముందు ఒక రాతిపలక వచ్చింది. దాని కింది వైపున సీసపు శిలువ, అక్షరాలు రాతి వైపు తిరిగి ఉన్నాయి. ఇంకా కిందికి పోతే ఓక్ మొద్దు. అందులో మూడింట రెండొంతుల జాగా మగ ఎముకలది, మిగతాది ఆడ ఎముకలది. మోకాలి కింది ఎముకను అక్కడున్న అందరికంటే పొడగరి కాలి పక్కన నిలబెడితే మోకాలి మీదికి మూడు వేళ్లు దాటింది. పుర్రె మీద పదికి పైగా గాయాల గుర్తులు, ఒక్కటి తప్ప అన్నీ మానినవే. ఆడ ఎముకల దగ్గర బంగారు రంగు జడ ఒకటి చెక్కు చెదరకుండా ఉంది. ఒక సన్యాసి ఆత్రంగా దాన్ని అందుకున్నాడు. చేతిలోనే పొడిపొడి అయిపోయింది.

జడ పొడి కావడం లాంటి చిన్న సంగతిని కల్పించడం కష్టమని కొందరు, మంచి కథకుడికి అదేమీ కష్టం కాదని కొందరు అంటారు. గెరాల్డ్ మంచి కథకుడే.

కాగెషాల్‌కు చెందిన రాల్ఫ్ అనే మరో చరిత్రకారుడి కథనంలో గాయకుడు లేడు. ఒక సన్యాసి తనను ఆ రెండు స్తంభాల మధ్యే పాతిపెట్టమని కోరాడనీ, అతని కోసం గొయ్యి తీస్తుంటే అనుకోకుండా సమాధి దొరికిందనీ ఆయన అంటాడు. వేల్స్‌లోని మార్గమ్ మఠపు వృత్తాంతంలో పెట్టెలు మూడు, మూడోది మెడ్రాట్‌దట. సుమారు వందేళ్ల తర్వాత గ్లాస్టన్‌బరీ సన్యాసే అయిన ఆడమ్ ఇంకో ముక్క కలిపాడు. తవ్వే చోటు చుట్టూ మఠాధిపతి తెరలు కట్టించాడట. పద్ధతి ప్రకారం చేసే పనికి తెరలెందుకన్న ప్రశ్న అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

శిలువ మీద రాత

శిలువ మీద ఏం రాసి ఉందన్న దగ్గరే కథనాలు విడిపోతాయి. గెరాల్డ్ చదివిన దాని ప్రకారం, "ప్రసిద్ధుడైన ఆర్థర్ రాజు తన రెండో భార్య వెన్నెవేరియాతో కలిసి అవలానియా దీవిలో ఇక్కడ సమాధి అయి ఉన్నాడు". రాల్ఫ్ ఇచ్చిన పాఠంలో భార్య లేదు. 1607లో చరిత్రకారుడు విలియం కామ్డెన్ తన పుస్తకంలో అచ్చు వేసిన బొమ్మలోనూ రాణి లేదు. చేత్తో తడిమి చూసినవాడి పాఠంలో ఉన్న రాణి తర్వాత ఎలా మాయమైంది? శిలువలు రెండు ఉండేవా, ఒకదాన్ని తర్వాత మళ్లీ పోత పోశారా, గెరాల్డ్ జ్ఞాపకం నుంచి అలంకరించి రాశాడా అన్న వాదాలు ఇంకా తెగలేదు.

లిపి మరో చిక్కు. మన దేశంలో నకిలీ రాగిరేకులను శాసన పరిశోధకులు పట్టుకునేది లిపితోనే. శాసనం ఒక శతాబ్దపు రాజు పేరు చెబుతుంది, అక్షరాల ఒంపులు ఇంకో శతాబ్దం చెబుతాయి. కామ్డెన్ బొమ్మలోని అక్షరాలు ఆర్థర్ కాలంవి కావు. వాటిలో 10, 11వ శతాబ్దాల పోకడ ఉందని కొందరు పండితులు అన్నారు. 10వ శతాబ్దంలో డన్‌స్టన్ మఠాధిపతిగా ఉన్నప్పుడు శ్మశానం నేల ఎత్తు పెంచారని, అప్పుడు పాత సమాధి గుర్తుండాలని ఈ శిలువ పెట్టారని వాళ్ల ఊహ. అదే నిజమైతే 16 అడుగుల లోతుకు కూడా కొంత సమాధానం దొరుకుతుంది. 12వ శతాబ్దపు సన్యాసులే పాత లిపిని అనుకరించారన్న వాదానికి బలం ఎక్కువ. వందల ఏళ్ల నాటి చేతిరాత గ్రంథాలు వాళ్ల కళ్లముందే ఉండేవి, పాత అక్షరం ఎలా ఉంటుందో వాళ్లకు తెలియనిది కాదు.

రాతలోని విషయం లిపి కంటే అనుమానాస్పదం. ఓరుగల్లులో పాతిన రాయి మీద "ఇది ఓరుగల్లు" అని రాయాల్సిన పని సాధారణంగా ఉండదు. ఇక్కడ నిలబడ్డవాడికి "మీరున్నది అవలాన్‌లో" అని శిలువ చెబుతోంది. గ్లాస్టన్‌బరీయే అవలాన్ అన్న మాట 1191కి ముందు స్పష్టంగా ఎక్కడా లేదు. ఆర్థర్‌కూ ఈ ఊరికీ ముడిపెట్టే కథ ఒకటి 12వ శతాబ్దం మధ్యలోనే ఉంది. గిల్డాస్ చరిత్రగా చెప్పే ఆ కథలో రాణిని ఎత్తుకెళ్లిన మెల్వాస్ రాజు కోట ఇక్కడిదే. అందులోనూ సమాధి ఊసు లేదు, అవలాన్ ఊసూ లేదు. జెఫ్రీ పుస్తకం దేశమంతా పాకిన తర్వాత తయారైన మాట శిలువ మీద కనిపిస్తుంటే, శిలువ ఆ పుస్తకం తర్వాతిదనుకోవడమే సహజం.

ఆ రెండు స్తంభాలు కూడా ఒక సాక్ష్యం ఇస్తాయి. తవ్వకానికి సుమారు 60 ఏళ్ల ముందు, మామ్స్‌బరీ విలియం గ్లాస్టన్‌బరీ చరిత్ర రాస్తూ వాటిని దగ్గర నుంచి చూశాడు. ఒకటి 26 అడుగులు, ఐదు అంతస్తులు. రెండోది 18 అడుగులు, నాలుగు అంతస్తులు. అరిగిపోయిన పేర్లను కష్టపడి చదివి రాసుకున్నాడు. అవి శాక్సన్ కాలపు పేర్లు. ఆ పేర్లవాళ్ల ఎముకలే అక్కడ ఉండి ఉంటాయని ఆయన అనుకున్నాడు. ఆర్థర్ పేరు అందులో లేదు. సన్యాసులకు నిజంగానే అక్కడ పాత ఓక్ పెట్టె దొరికి ఉంటే, అది ఏ శాక్సన్ మఠాధిపతిదో అయ్యే అవకాశమే ఎక్కువ. చనిపోయిన శాక్సన్‌ను శాక్సన్ల శత్రువుగా పూజించి ఉంటారన్నమాట.

ఎవరికి ఏం కలిసొచ్చింది

"డబ్బు కోసం సన్యాసులు ఆడిన నాటకం" అన్నది ఎక్కువగా వినిపించే వివరణ. దానికి ఆధారం ఉంది. కాంటర్‌బరీలో 1170లో హత్యకు గురైన ఆర్చ్‌బిషప్ బెకెట్ మూడేళ్లకే సాధువు అయ్యాడు. యాత్రికుల కానుకలు అక్కడ వరదలా వచ్చాయి. గ్లాస్టన్‌బరీకి అంత పేరున్న సాధువు లేడు. సాధువుగా కొలిచే డన్‌స్టన్ ఎముకలు కాంటర్‌బరీలో కాదు, తమ దగ్గరే ఉన్నాయని ఈ మఠం వాదించింది. ఆ పేచీ ఎంతకాలం నడిచిందంటే, 1508లో కాంటర్‌బరీవాళ్లు తమ సమాధి తెరిచి చూపించాల్సి వచ్చింది. కాబట్టి ఎముకల విషయంలో గ్లాస్టన్‌బరీ మాట నమ్మే ముందు కాస్త ఆగడం న్యాయమే.

అయితే డబ్బు ఒక్కటే మొత్తం కథను చెప్పలేదు. ఆర్థర్ సాధువు కాడు. అతని ఎముక తాకితే జబ్బు నయమవుతుందని ఎవరూ అనలేదు. మామూలు యాత్రికుడు వచ్చేది సాధువుల అవశేషాల కోసం. ఆర్థర్ ఆకర్షించేది రాజులను, ప్రభువులను. ఆ వైపు చూస్తే రాజకీయం కనిపిస్తుంది.

గెరాల్డ్ కథనంలో రహస్యం మొదట చేరింది రాజుకు. వేల్స్‌లో తిరుగుబాట్లు అణచలేక తలనొప్పి పడ్డవాడు రెండో హెన్రీ. తిరిగి రావాల్సిన నాయకుడు 16 అడుగుల లోతున ఎముకలుగా పడి ఉన్నాడని చూపించడం వేల్స్ ఆశల మీద నీళ్లు చల్లడమే. గెరాల్డ్ కూడా దాచలేదు. ఆర్థర్ దేహాన్ని ఆత్మలు ఎక్కడికో తీసుకుపోయాయనీ, అతనికి చావు లేదనీ చెప్పుకునే కథలకు ఇప్పుడు తెరపడిందన్న అర్థంలోనే రాశాడు.

ఇంకో కోణం కూడా ఉంది. 1187లో హెన్రీకి మనవడు పుట్టాడు, ఫ్రాన్స్ వాయవ్యంలోని బ్రిటనీ ప్రజలు పట్టుబట్టి పెట్టించుకున్న పేరు ఆర్థర్. 1190లో సిసిలీలో ఉన్న రిచర్డ్ ఆ పసివాణ్నే తన వారసుడిగా ప్రకటించాడు. 1191 మార్చిలో సిసిలీ రాజు టాంక్రెడ్‌కు ఆర్థర్ ఖడ్గం అంటూ ఒక కత్తిని బహూకరించాడు. ఒక పక్క కత్తి, ఒక పక్క ఎముకలు, ఇంకో పక్క అదే పేరుతో వారసుడు, అన్నీ ఏడాది రెండేళ్లలోనే. దీని వెనక ఒకే పథకం ఉందని నిరూపించే కాగితం లేదు. ఆర్థర్ పేరు అప్పుడు రాజవంశానికి చెల్లే నాణెం అన్నంత వరకు మాత్రం ఖాయం.

ఎడ్వర్డ్ చుట్టిన పట్టుబట్ట

1278 ఈస్టర్‌కు మొదటి ఎడ్వర్డ్, రాణి ఎలియనార్ గ్లాస్టన్‌బరీ వచ్చారు. అంతకు కొద్ది నెలల ముందే, 1277 నవంబరులో, వేల్స్ యువరాజు లూవెలిన్ తలవంచి సంధి చేసుకున్నాడు. ఏప్రిల్ 19 సాయంత్రం సమాధి తెరిచారు. మర్నాడు ఆర్థర్‌వన్న ఎముకలను ఎడ్వర్డ్, రాణివన్న ఎముకలను ఎలియనార్ తమ చేతులతో విలువైన బట్టల్లో చుట్టి, ముద్రలు వేసి, ప్రధాన వేదిక ముందు పెట్టించారు. పుర్రెలను మాత్రం జనం చూసేందుకు బయట ఉంచారు.

1282లో లూవెలిన్ యుద్ధంలో చనిపోయాడు. ఆర్థర్ కిరీటంగా వేల్స్ జనం చెప్పుకున్న కిరీటం కూడా ఎడ్వర్డ్ చేతికి వచ్చింది. ఓడిన జాతి వీరుడి అంత్యక్రియలను గెలిచిన రాజు కొడుకులా జరిపించడం కంటే తెలివైన ఎత్తు ఆ యుద్ధాల్లో ఇంకోటి కనిపించదు.

నల్లరాతి సమాధి 260 ఏళ్లు నిలిచింది. 1530లలో జాన్ లేలండ్ అనే పండితుడు దాన్ని చూశాడు, శిలువను చేతిలోకి తీసుకున్నాడు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేస్తూ గ్లాస్టన్‌బరీ మీద పడ్డాడు. ఆఖరి మఠాధిపతి, ముసలివాడు రిచర్డ్ వైటింగ్‌ను నవంబరు 15న ఊరి పక్క గుట్ట మీద ఉరి తీశారు. మఠం రాళ్లు అయినకాడికి పోయాయి. ఎముకలు ఏమయ్యాయో రాసి పెట్టినవాళ్లు లేరు.

పురావస్తు శాస్త్రవేత్తలు ఏం తేల్చారు

మఠం శిథిలాలను ఇంగ్లండ్ చర్చి 1907-08లో చేజిక్కించుకున్నాక దాని తరఫున తవ్వకాలు మొదలయ్యాయి. మొదటి బాధ్యుడు ఫ్రెడరిక్ బ్లై బాండ్ వాస్తుశిల్పి. పాత సన్యాసుల ఆత్మలు తనకు ఎక్కడ తవ్వాలో రాసి చెబుతున్నాయని 1918లో ఆయన పుస్తకం వేశాక చర్చివాళ్లకు ఆయనతో కుదరలేదు. 1920ల మొదట్లో సాగనంపారు.

గట్టి దావా చేసింది రాలీ రాడ్‌ఫర్డ్. 1951 నుంచి 1964 దాకా తవ్విన ఆయన, మేరీమాత ఆలయానికి దక్షిణాన ఒకసారి తవ్వి మళ్లీ పూడ్చిన పెద్ద గొయ్యిని గుర్తించాడు. అందులో ఆలయం కట్టడానికి వాడిన డౌల్టింగ్ రాతి చెక్కులు ఉన్నాయి కాబట్టి గొయ్యి 1184 తర్వాతిదనీ, ఇదే సన్యాసులు తవ్విన చోటనీ ప్రకటించాడు. చాలా ఏళ్లు ఇదే చెల్లింది.

2015లో రెడింగ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రాబర్టా గిల్‌క్రిస్ట్ నాయకత్వంలోని బృందం 1904 నుంచి 1979 దాకా 36 విడతల తవ్వకాల రికార్డులను తిరగతోడి చూసింది. రాడ్‌ఫర్డ్ స్వయంగా ప్రచురించకుండా వదిలేసిన నోట్సు, పటాలు, డబ్బాల్లో పడి ఉన్న కుండపెంకులు అన్నీ మళ్లీ బల్ల మీదికి వచ్చాయి. గొయ్యిలో 11వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా వస్తువులు కలిసి ఉన్నాయి. శ్మశానంలో ఉండే మామూలు గొయ్యి అది. ఆర్థర్ కాలంతో దానికి ముడిపెట్టే ఆధారం ఏదీ లేదు. మఠం చెప్పుకున్న పురాణానికి సరిపోయేలా రాడ్‌ఫర్డ్ ఆధారాలను సాగదీశాడని బృందం తేల్చింది.

అదే పరిశీలనలో ఎవరూ ఎదురుచూడనిది ఒకటి దొరికింది. పాత పెట్టెల్లోని కొన్ని పెంకులు తూర్పు మధ్యధరా తీరం నుంచి ద్రాక్షసారా మోసుకొచ్చిన జాడీలవి. వాటి కాలం సుమారు 450-550. అంటే శాక్సన్ మఠం కట్టక ముందే, ఆర్థర్ బతికాడని చెప్పే కాలంలోనే, ఇక్కడ విదేశీ సారా తెప్పించుకోగల స్తోమతు ఉన్న మనుషులున్నారు. పెంకు మీద పేరు ఉండదు కాబట్టి వాళ్లెవరో తెలియదు. సమాధి కథ పడిపోయిన అధ్యయనంలోనే ఊరి పాతదనం నిలబడింది.

కారు పార్కింగులో దొరికిన రాజుతో పోలిస్తే

2012 ఆగస్టులో లెస్టర్ నగరంలోని ఒక కార్ల పార్కింగు తవ్వితే మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. "అతను దొరికినప్పుడు ఆర్థర్ ఎందుకు దొరకడు" అన్న ప్రశ్న సహజం. రిచర్డ్ 1485 ఆగస్టు 22న బాస్వర్త్ పోరులో చనిపోయాడనీ, లెస్టర్‌లో ఫలానా మఠంలో పాతిపెట్టారనీ రాతలున్నాయి. వంకర వెన్నెముక, తల మీద యుద్ధ గాయాలు సరిపోయాయి. రేడియోకార్బన్ కాలం సరిపోయింది. అన్నిటికంటే గట్టిది డీఎన్‌ఏ. అతని అక్క ఆన్ నుంచి తల్లి వరసలో దిగిన వారసులు ఇప్పటికీ ఉన్నారు. అన్నీ కలిపి 2014లో 99.999 శాతం ఖాయమన్నారు.

9వ శతాబ్దపు ఆల్‌ఫ్రెడ్ రాజు విషయంలో అంత అదృష్టం లేదు. వించెస్టర్‌లో ఆయనదని చెప్పుకునే సమాధిలోని ఎముకలను 2013లో పరీక్షిస్తే వందల ఏళ్ల తర్వాతివని తేలింది. పాత తవ్వకంలో దొరికి మ్యూజియం పెట్టెలో ఉన్న ఒక కటి ఎముక ముక్క మాత్రం 895-1017 మధ్యదని వచ్చింది. అది ఆల్‌ఫ్రెడ్‌దో, ఆయన కొడుకుదో కావచ్చు. చారిత్రకత గురించి ఏ సందేహమూ లేని రాజు దగ్గరే శాస్త్రం "కావచ్చు" దగ్గర ఆగింది.

ఆర్థర్‌కు పోల్చి చూసే వారసుడు లేడు, ఒప్పుకున్న మరణ సంవత్సరం లేదు, సమకాలీనుడు రాసిన ఒక్క వాక్యం లేదు. రేపు ఎక్కడైనా 6వ శతాబ్దపు యోధుడి అస్థిపంజరం నిండు కవచంతో దొరికినా, అది 6వ శతాబ్దపు యోధుడిదని మాత్రమే రుజువవుతుంది.

వించెస్టర్ కోటలో వేలాడే గుండ్రబల్ల దీనికి తిరగేసిన ఉదాహరణ. ఆర్థర్ కొలువులోదే అని శతాబ్దాలు నమ్మిన ఆ బల్ల ఇంకా ఉంది కాబట్టి, 1970లలో కలప వలయాలు, రేడియోకార్బన్ చూసి 13వ శతాబ్దం రెండో సగంలో చేసిందని తేల్చేశారు. గ్లాస్టన్‌బరీ ఎముకలు మాయమయ్యాయి కాబట్టే వాటి మీద వాదం ఇంకా నడుస్తోంది.

మిగతా "సమాధులు"

గ్లాస్టన్‌బరీ ఒక్కటే కాదు. కార్న్‌వాల్‌లోని స్లాటర్‌బ్రిడ్జ్ దగ్గర ఏటి ఒడ్డున పడి ఉన్న రాతిని ఆర్థర్ సమాధిరాయిగా చూపిస్తారు. 6వ శతాబ్దపు రాయే. దాని మీదున్నది లాటినస్ అనే మనిషి పేరు. హెరెఫర్డ్‌షైర్‌లోని "ఆర్థర్ రాయి" 5,000 ఏళ్లు దాటిన సామూహిక సమాధి. ఆర్థర్ అక్కడ ఒక రాక్షసుణ్ని చంపాడనీ, పడిపోతూ ఆ రాక్షసుడు మోచేతులు ఆనించిన గుంటలు రాతి మీద ఉన్నాయనీ స్థానికులు చెప్పుకుంటారు.

ఈ తర్కం తెలుగు నేలకు కొత్త కాదు. ఇనుప యుగపు బండరాతి సమాధులను తెలంగాణ పల్లెల్లో రాక్షసగుళ్లు అంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్లంటారు. అంత బరువు రాళ్లు మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి, ఎత్తినవాళ్లు రాక్షసులో భీముడో అయి ఉండాలి. తుంగభద్రలో ఆనెగొంది దగ్గరి 64 స్తంభాల మండపాన్ని కృష్ణదేవరాయల సమాధి అని చెప్పుకోవడం కాస్త వేరు. ఆయన ఉన్నాడన్న దాంట్లో సందేహం లేదు, మండపానికీ ఆయన మరణానికీ ఉన్న సంబంధమే జనశ్రుతి.

శిలువ ఎక్కడ?

తేలే అవకాశం కాస్తయినా ఉన్నది ఒక్క సీసపు శిలువ విషయంలోనే. మఠం కూలిన తర్వాత కూడా అది మిగిలింది. 18వ శతాబ్దంలో వెల్స్ పట్నంలో ఒకరి దగ్గర ఉన్నట్టు చివరి జాడ. 1981లో ఉత్తర లండన్‌లో ఒక చెరువు బురదలో దొరికిందంటూ ఒక వ్యక్తి అలాంటి శిలువను బ్రిటిష్ మ్యూజియంకు తెచ్చి చూపించాడు. అక్కడ వదిలి వెళ్లమంటే ఒప్పుకోలేదు. చెరువు స్థానిక కౌన్సిల్‌ది, కౌన్సిల్ కోర్టుకు వెళ్లింది. శిలువ ఎక్కడుందో చెప్పనందుకు కోర్టు ధిక్కారం కింద అతన్ని జైల్లో పెట్టారు. ఆ వస్తువు మళ్లీ బయటికి రాలేదు. సీసంతో అచ్చులు పోసే పనిలో అతనికి అనుభవం ఉందని బయటపడ్డాక అది నకలన్న అభిప్రాయమే స్థిరపడింది.

అసలు శిలువే రేపు దొరికిందనుకుంటే, ప్రయోగశాల దాని సీసం ఏ గని నుంచి వచ్చి ఉంటుందో అంచనా వేస్తుంది, లిపి నిపుణులు బొమ్మలో కాకుండా అసలు అక్షరాలను చూస్తారు. వెన్నెవేరియా పేరు రెండోవైపు ఉందో లేదో కూడా ఒక్క చూపులో తెలిసిపోతుంది. గెరాల్డ్ చదివింది నిజమో కాదో అప్పుడు తేలుతుంది. దాని కింద పడుకున్న మనిషి పేరు మాత్రం అప్పటికీ తేలదు.